తట్టు తగిలితే గట్టిపడతారట!

మా బెంగళూరు మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి ఇమ్యూనిటీ. ఎవరింట్లో పిల్లాడు తుమ్మినా వాట్సాప్ గ్రూపులో ఆయన హాజరు. "రానివ్వండి సార్, వైరస్ వస్తేనే బాడీ గట్టిపడుతుంది. మనం చిన్నప్పుడు బురదలో ఆడలేదూ?"

ఆడాం. బురదలో తట్టు (మీజిల్స్) వైరస్ ఉండదు, అది వేరే సంగతి.

మొన్న ఆదివారం కుక్కతో సహా లిఫ్టులో దొరికిపోయారు. అంటే, నేను దొరికిపోయాను. మూడో అంతస్తు దాటగానే కరెంటు పోయింది. జనరేటర్ ఆలోచనలో పడింది. ఈయన ఫ్లాస్కు మూత తీసి కషాయం పోస్తూ, తన రెండోవాడికి తట్టు టీకా వేయించలేదని గొప్పగా చెప్పారు. "నేచురల్‌గా రావాలండీ. ఎక్కడైనా తట్టు వచ్చిన పిల్లాడుంటే చెప్పండి, మావాణ్ణి ఆడుకోవడానికి పంపిస్తా."

ఉత్తినే పంపడమేమిటి, తట్టు పేరంటం పెట్టండి అన్నాను. ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలుద్దాం. ఒళ్లంతా ఎర్రగా పొక్కిన పిల్లాణ్ణి పీటల మీద కూర్చోబెడదాం. వచ్చినవాళ్లంతా వరసగా వాడి ముందు నోరు తెరిచి అక్షింతలు వేయాలి. వాడు దగ్గితే మంగళవాద్యం. తాంబూలంలో అరటిపండు, రవికగుడ్డ, పారాసిటమాల్. ఊరి నుంచి అమ్మమ్మగారొచ్చి "మా కాలంలో తట్టుకి వేపమండలే" అని మొదలుపెడితే, ఆ కాలంలో ఆవిడ తోడబుట్టినవాళ్లలో ఎందరు మిగిలారని మాత్రం ఎవరూ అడగకూడదు. శుభమా అని పేరంటం!

ఆయన నవ్వలేదు. వంటవాళ్ల సంగతి ఆలోచిస్తున్నట్టున్నారు.

ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాను. ఒంట్లో పాత జబ్బులన్నీ గుర్తుపెట్టుకునే సీనియర్ కణాలుంటాయి. తట్టు వైరస్ లోపలికొచ్చి సరిగ్గా వాటికే లేఆఫ్ లెటర్లిస్తుంది. మిగిలేది కొత్తగా చేరిన ఫ్రెషర్లు. వాళ్లకు తట్టు ఒక్కటి నేర్పిస్తారు, అది జన్మంతా మర్చిపోరు. మిగతాదంతా మళ్లీ మొదటినుంచి. ఇదేమీ కొత్త వార్త కాదు. క్షయ క్రిమిని ఒళ్లు గుర్తుపడితే చర్మం ఎర్రబడే పరీక్ష ఒకటుంది; తట్టు వచ్చిన రోజుల్లో పిల్లలకు అలా ఎర్రబడటం మానేస్తుందని వియన్నా డాక్టరు ఫాన్ పిర్కే 1908లోనే రాశాడు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తం తట్టుకు ముందూ తర్వాతా చూస్తే, అప్పటిదాకా కూడబెట్టుకున్న, జబ్బుల్ని ఎదుర్కొనే యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా గల్లంతు. తట్టు వచ్చిన పిల్లల్ని ఎక్కువగా చంపేది ఆ వెనకాల వచ్చే న్యుమోనియా, విరేచనాలే. గట్టిపడటమంటే ఇదా?

మా వెనక కట్టే బిల్డింగు షెడ్డులో కర్నూలు నుంచి వచ్చిన ఒకామె ఉంటుంది. టీకా కార్డును రేషన్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నెలలు దాటాక రెండోది. ఒకరోజు కూలి పోగొట్టుకుని, పిల్లను చంకనేసుకుని, రెండు బస్సులు మారి పెద్దదానికి రెండూ వేయించింది. ఆమెకు ఇమ్యూనిటీ అన్న మాట పలకడం రాదు. మీకు పలకడం తప్ప ఏం వచ్చు? ఇప్పుడామె నాలుగు నెలల చంటిదాన్నెత్తుకుని మన ఇళ్లలో పనికొస్తోంది. ఎక్కేది ఈ లిఫ్టే. తట్టు వచ్చినవాడు దిగిపోయాక కూడా ఆ గాలిలో వైరస్ రెండు గంటల దాకా ఉండొచ్చు. ఆ చంటిదానికి టీకా వయసింకా రాలేదు. మీ సరదాకు దాని ఊపిరితిత్తులెందుకండీ పణంగా పెట్టడం? సిగ్గుండక్కర్లా?

ఇంత గట్టిగా అన్నానో లేదో, కరెంటొచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆయన కుక్క గొలుసు లాగుతూ హడావిడిగా దిగారు.

"తర్వాత మాట్లాడదామండీ. దీనికి ఇవాళ బూస్టర్ డోసు, అపాయింట్‌మెంట్ దాటిపోతోంది."