ఎకరం 177 కోట్లు పలికితే పనిమనుషులు ఎక్కడ ఉండాలి?

హైదరాబాద్ రాయదుర్గంలో ప్రభుత్వం వేసిన వేలంలో ఎకరం 177 కోట్లు పలికిందని 2025 అక్టోబరులో వార్త వచ్చినప్పుడు చాలామంది సంబరపడ్డారు. మన సిటీ రేంజ్ ఇదీ అని పోస్టులు పెట్టారు. నాకు మాత్రం అప్పటి నుంచీ మనసులో ఒకటే నలుగుతోంది. ఎకరానికి 4,840 గజాలు. భాగించి చూడండి, గజం 3 లక్షల 65 వేలు. ఆ నేల మీద లేచే బిల్డింగుల్లో ఊడ్చేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగేవాళ్లు, అర్ధరాత్రి క్యాబ్ నడిపేవాళ్లు ఎక్కడ ఉండాలి? కొన్న కంపెనీ ఈ ప్రశ్న వేసుకోదు, దానికి ఆ అవసరం లేదు. కానీ అమ్మింది ప్రభుత్వం. ఆ ప్రశ్న వేసుకోవాల్సింది ప్రభుత్వమే.

2021లో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 60 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అదే చోట వంద కోట్లు దాటింది. ప్రభుత్వం మారింది, ముఖ్యమంత్రి మారారు, వేలం పాట మాత్రం ఆగలేదు. ఒక్కో వేలం అయ్యాక చుట్టుపక్కల స్థలాలున్న ప్రతివాళ్లూ తమ రేటు పెంచుకుంటారు. నార్సింగి, తెల్లాపూర్, కొల్లూరు, ఆ వెనక శంకర్‌పల్లి దాకా ఆ వేడి పాకుతుంది. అద్దెలు కూడా దాని వెనకే వస్తాయి. ఆ డబ్బుతోనే కదా పథకాలు నడుస్తున్నాయి అంటారు. నిజమే, కానీ భూమి ఒక్కసారే అమ్మగలం. డబ్బు ఆ ఏడాదికి ఖర్చయిపోతుంది, పెరిగిన రేటు మాత్రం తరతరాలకూ ఉండిపోతుంది.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీల్లో ఉన్నవాళ్ల కోసం ఇళ్లు కట్టించింది. తర్వాత హౌసింగ్ బోర్డు వచ్చింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇప్పటికీ ఇంటి నంబరు ముందు ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ (తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయ వర్గాలు) అని ఉంటుంది. తక్కువ జీతం ఉన్న మనిషికీ ఎక్కువ జీతం ఉన్న మనిషికీ ఒకే కాలనీలో చోటు ఉండాలని ఎవరో కూర్చుని ఆలోచించిన గుర్తు అది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీతో పాటు క్వార్టర్లు కూడా కట్టారు. 1998లో ఐటీ ఆఫీసులకని సైబర్ టవర్స్ వచ్చాక ఆ పద్ధతే పోయింది. ఆఫీసులు కడతాం, మనుషులు ఎక్కడ ఉంటారో వాళ్లే చూసుకోవాలి అన్నట్టు తయారైంది. ఇక అదే హౌసింగ్ బోర్డు, అదే కూకట్‌పల్లి కాలనీలో మిగిలిన దాదాపు 8 ఎకరాలను 2025 ఆగస్టులో ఎకరం 70 కోట్ల లెక్కన వేలంలో అమ్మింది. ఇళ్లు కట్టడానికి పుట్టిన సంస్థ అది. ఆ వార్త చదివి నాకు కడుపు మండిపోయింది.

ఎల్‌ఐజీలో ఉండాల్సిన మనుషులు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో తెలియాలంటే దూరం వెళ్లక్కర్లేదు, మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగితే చాలు. మాది నిజాంపేటలో ఐదంతస్తుల బిల్డింగు, ఇరవై ఫ్లాట్లు. కింద మెట్లకు ఆనుకుని వాచ్‌మన్ రూమ్. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. కిటికీ లేదు. తలుపు మీద వెంటిలేటర్ ఒకటుంది, అది జనరేటర్ వైపు తెరుచుకుంటుంది. కరెంటు పోతే పొగంతా లోపలికే. అందులో నలుగురు ఉంటారు. ఉన్నది ఒకటే మంచం, దాని కింద సిలిండరు, బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాల సంచులు. స్నానానికి సంపు పక్కన నాలుగు కర్రలు పాతి పాత ఫ్లెక్సీ చుట్టుకున్నారు. అమ్మాయి ఎనిమిదో తరగతి. రెండు కార్ల మధ్య చాప వేసుకుని చదువుకుంటుంది, ట్యూబ్‌లైటు అక్కడే ఉంది కాబట్టి. రాత్రి ఎవరైనా ఆలస్యంగా వస్తే లేచి, చాప చుట్టి, కారు పెట్టాక మళ్లీ వేసుకుంటుంది.

వాళ్లది నారాయణపేట దగ్గర పల్లె. అతనికి 11 వేలు ఇస్తాం. భార్య నాలుగు ఫ్లాట్లలో పనిచేస్తుంది. బయట రూమ్ చూసుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "బయట సింగిల్ రూమే ఆరు వేలు అంటున్నరు సార్. కరెంటు బిల్లు అలగ్. ఇంగ ఏం తినాలె, ఊరికేం పంపాలె?" అన్నాడు. నన్ను బాధపెట్టింది ఒక్క ఇరుకు గది కాదు. ఉద్యోగం పోయిన రోజే ఆ కుటుంబానికి ఇల్లూ పోతుంది. అందుకే అతను జీతం పెంచమనడు, సెలవు అడగడు, ఎవరు ఎంత మాటన్నా తల దించుకుని వెళ్లిపోతాడు. నిలువ నీడ యజమాని చేతిలో ఉన్న మనిషి ఎవరితోనూ సమానంగా మాట్లాడలేడు.

ఇది పేదవాళ్ల కష్టం, మనకేంటి అనుకునే ఉద్యోగస్తులకు కూడా ఒక మాట. మా ఆఫీసులో ఒకే టీమ్‌లో, ఒకే జీతం మీద ఇద్దరున్నారు. ఒకతని తండ్రి ఎప్పుడో మియాపూర్ దగ్గర 200 గజాలు కొని ఇల్లు వేశారు. కింద వీళ్లుంటారు, పైన రెండు పోర్షన్ల అద్దె వస్తుంది. రెండో అబ్బాయిది శ్రీకాకుళం జిల్లా. కొండాపూర్‌లో డబుల్ బెడ్రూమ్‌కి అద్దె, మెయింటెనెన్స్ కలిపి 30 వేల పైనే కడతాడు, వేసవిలో ట్యాంకర్ డబ్బులు వేరే, ఊరికి పంపేది వేరే. ఒకే చదువు, ఒకే పని. పదేళ్లు గడిస్తే ఈ ఇద్దరి పిల్లలు ఒకే స్కూల్లో చదవరు. మొదటి అతను నాకు మంచి స్నేహితుడు, అతని తప్పేమీ లేదు. కానీ కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు అని పిల్లలకు చెప్పే ముందు ఈ లెక్క కూడా చెప్పాలి.

డబ్బున్నా ఇల్లు దొరకని వాళ్ల సంగతి మరీ ఘోరం. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ఏం చేస్తారు, ఎంతమంది ఉంటారు అని అడిగి, తర్వాత కాస్త గొంతు తగ్గించి "మీరేమిట్లండీ?" అని కులం అడుగుతారు. జవాబు నచ్చకపోతే ఇల్లు నిన్ననే ఇచ్చేశామంటారు. ముస్లిం పేరు చెబితే ఆ రెండో మాట కూడా ఉండదు.

బిల్డర్లను ఎక్కువ కట్టనిస్తే రేట్లు అవే దిగుతాయి అనే వాదన ఉంది. హైదరాబాద్ ఆ ప్రయోగం ఎప్పుడో చేసింది. 2006లో వచ్చిన జీవో 86తో ఫ్లోర్ ఏరియా పరిమితిని, అంటే స్థలాన్ని బట్టి మొత్తం ఎంత విస్తీర్ణం కట్టొచ్చన్న హద్దును తీసేశారు. రోడ్డు వెడల్పు, బిల్డింగు చుట్టూ వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్‌లు) సరిపోతే ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చు. పడమటి వైపు యాభై అంతస్తుల టవర్లు లేచింది అందుకే. మరి 45 లక్షల లోపు ఫ్లాట్లు ఆ టవర్లలో ఎన్ని ఉన్నాయి? కేంద్రం ఆ ధర లోపు చిన్న ఇళ్లకు జీఎస్టీ ఒక్క శాతమే పెట్టింది, అయినా అక్కడ ఎవరూ కట్టరు. అంత రేటు పెట్టి భూమి కొన్నవాడు పెద్ద ఫ్లాట్ కట్టి డబ్బున్నవాళ్లకే అమ్ముకుంటాడు. అందే ధరలో ఇల్లు దొరకనివాళ్లు అనుమతులు రాకముందే అమ్మే ప్రీ లాంచ్ ఆఫర్ల వెంట పడి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు కూడా లేని ప్రాజెక్టులకు జీవితకాలపు పొదుపంతా ముందే కట్టి, మోసపోయి రోడ్డెక్కుతున్నారు. వాళ్లది అత్యాశ అని తేలిగ్గా అనేస్తాం. సక్రమంగా దొరికే దారి ఉంటే అటు ఎందుకు వెళ్తారు?

డబుల్ బెడ్రూమ్ ఇళ్లు కట్టారు కదా అంటారు. కట్టారు, నేను కాదనను. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో జనం ఉన్న చోటే ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. అది మంచి పని. అలాగే కొనసాగించి ఉంటే బాగుండేది. కానీ తర్వాత కొల్లూరులో ఒకే చోట 15,660 ఇళ్లు కట్టారు. చార్మినార్ దగ్గర గాజుల కొట్లో పనిచేసే మనిషికి అక్కడ లాటరీ తగిలితే, పనికీ ఇంటికీ మధ్య 30 కిలోమీటర్ల పైమాట. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, మంచిదే. అయినా తెల్లారకముందే లేచి రెండు బస్సులు మారే ప్రాణానికి ఆ టైము ఎవరిస్తారు? ఇందిరమ్మ ఇళ్లు మొదట సొంత జాగా ఉన్నవాళ్లకని 5 లక్షలిస్తున్నారు. సిటీలో అద్దె గదిలో ఉన్నవాడికి జాగా ఎక్కడిది?

నేను అడిగేది సొంతిల్లు కూడా కాదు. పనికి దగ్గర్లో, కిటికీ, నీళ్లు, తలుపున్న బాత్రూమ్ ఉండి, జీతంలో మూడో వంతు మించని అద్దె ఇల్లు. ప్రభుత్వం ఇకపై వేలం వేసే ప్రతి భూమిలో కొంత భాగం పక్కన పెట్టి, దాన్ని ఎప్పటికీ అమ్మకుండా, హౌసింగ్ బోర్డు చేత అద్దె ఇళ్లు కట్టించాలి. పదకొండు నెలలకోసారి ఖాళీ చేయమనే భయం లేకుండా ఇవ్వాలి. గేటెడ్ కమ్యూనిటీలకు పర్మిషన్ ఇచ్చేటప్పుడు క్లబ్‌హౌస్ ప్లాన్‌తో పాటు అక్కడ పనిచేసేవాళ్ల క్వార్టర్ల ప్లాన్ కూడా అడగాలి. ఎన్నికలప్పుడు ఓటు అడగడానికి వచ్చినవాళ్లను ముందు దీని గురించే నిలదీయండి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నదైనా చేద్దాం. వచ్చే నెల మా అసోసియేషన్ మీటింగు. జనరేటర్‌ని గేటు పక్కకు జరిపి, ఆ గోడకు కిటికీ పెట్టి, సంపు పక్కన తలుపుతో బాత్రూమ్ కట్టడానికి మేస్త్రీ లక్షా 40 వేలు చెప్పాడు. ఫ్లాటుకు 7 వేలు. నేను ఆ లెక్క కాగితం మీద రాసుకుని వెళ్తున్నాను. మీ పార్కింగ్‌లో గది ఎలా ఉందో చూసి, మీ మేస్త్రీ ఎంత చెప్పాడో కింద కామెంట్లలో రాయండి.