స్ట్రైకర్‌లో బలం అయిపోయిందట!

మొన్న ఆదివారం నరసన్నపేటలో అక్క వాళ్లింటికి వెళ్లాను. మేనకోడలు తొమ్మిదో తరగతి. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ న్యూటన్ మొదటి నియమం బట్టీ పడుతోంది. "బాహ్య బలం పనిచేయనంత వరకు..." అని మొదలుపెట్టి, ఎక్కడా తడుముకోకుండా చివరిదాకా అప్పజెప్పేసింది.

పక్కనే క్యారమ్ బోర్డు ఉంది. స్ట్రైకర్‌ని వేలితో కొట్టాను. సగం బోర్డు దాటి ఆగిపోయింది. ఎందుకాగిందమ్మా అని అడిగాను.

"అందులో బలం అయిపోయింది మావయ్యా."

బయటి నుంచి ఏ బలమూ పనిచేయకపోతే కదిలే వస్తువు అదే వేగంతో తిన్నగా సాగిపోతూనే ఉంటుందని కదా ఆ నియమం. అంటే ఇప్పుడే అప్పజెప్పినదానికి పూర్తిగా తిరగబడ్డ జవాబు! నాకు కోపం వచ్చింది, పిల్ల మీద కాదు. రెండు మార్కుల నిర్వచనం రాయిస్తే పాఠం అయిపోయిందనుకునే మన చదువు మీద. నేనూ అలాగే చదివాను, పదో తరగతి దాటాక కూడా నాకిది అర్థం కాలేదు.

అసలు చిక్కు మాటలోనే ఉంది. ఒంట్లో బలం లేదంటాం, బలానికి టానిక్ తాగమంటాం. మన ఇళ్లలో బలమంటే లోపల ఉండేది, వాడితే తరిగిపోయేది. భౌతికశాస్త్రంలో బలం వస్తువు లోపల ఉండదు. ఒక వస్తువు ఇంకోదాన్ని తోస్తేనో లాగితేనో అది ఉన్నట్టు. నా వేలు స్ట్రైకర్‌ని తాకింది ఒక్క క్షణం, ఆ తోపు అక్కడితో సరి. తర్వాత స్ట్రైకర్‌కి ఉన్నది వేగమే. మన 'ఊపు' అనే మాట దీనికి కాస్త దగ్గర. ఈ తేడా మొదటి రోజే చెప్పకపోతే ఆ తర్వాత ఎన్ని లెక్కలు చేయించినా వృథా.

బోర్డు మీద పౌడర్ చల్లి తనని కొట్టమన్నాను. ఈసారి స్ట్రైకర్ అవతలి అంచుకి కొట్టుకుని వెనక్కి వచ్చింది. "నేనూ అంతే గట్టిగా కొట్టాను కదా..." అని ఆగిపోయింది. కాసేపు బోర్డుని చేత్తో రాసి చూసింది. "అయితే ఆపుతున్నది బోర్డా?" అంది. అవును, ఘర్షణ. అది లేకపోతే స్ట్రైకర్‌కి ఆగాల్సిన అవసరమే లేదు. గెలీలియో నున్నటి పలకల మీద గోళీలు దొర్లించి పట్టుకున్న సంగతి ఇదే. న్యూటన్ 1687లో దాన్ని నియమంగా రాశాడు.

ఇదంతా మార్కుల గొడవైతే ఇంత రాసేవాణ్ణి కాదు. సాయంత్రం అరసవల్లి వెళ్దామన్నారు. బావ బండి తీసి మూడేళ్ల బుడ్డోణ్ణి ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. వెళ్లాల్సింది 16వ నంబరు హైవే మీద. "నేను పట్టుకుంటాన్లే" అన్నాడు. ఏ చేత్తో? రెండు చేతులూ హ్యాండిల్ మీదే కదా!

లెక్క చెప్పాను. 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 11 మీటర్లు. బండి దేనికైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. బండి ఆగుతుంది, పిల్లాడు ఆగడు. 12 కిలోల పిల్లాణ్ణి దాంతోపాటు ఆపాలంటే దాదాపు 135 కిలోల బరువు మోసినంత బలం కావాలి. అదే 80లో వెళ్తే బ్రేకు వేశాక బండి ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఆగడానికి పట్టే సమయమూ రెట్టింపే, ఆ సమయంలో సగటు వేగమూ రెట్టింపే మరి. నాలుగేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్, పిల్లల్ని బండి నడిపేవాళ్లకి కలిపి కట్టే బెల్టు ఉండాలని, బండి 40 దాటకూడదని 2022లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అది ఊరికే తెచ్చింది కాదు.

బావ ఏమీ అనలేదు. బండి స్టాండు వేసేశాడు.

బస్సెక్కాం. సీట్లు లేవు, బుడ్డోణ్ణి ఒళ్లో పెట్టుకున్న అక్కకి మాత్రం చోటు దొరికింది. సింగుపురం దగ్గర డ్రైవరు సడన్‌గా బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లమంతా ముందుకి తూలాం. మేనకోడలు రాడ్డు గట్టిగా పట్టుకుని నా వైపు తిరిగింది.

"మనల్ని ఎవరూ తొయ్యలేదు మావయ్యా. బస్సు ఆగింది, మనం ఆగలేదు."