‘కలా’ దొంగసొత్తేనా?

బ్రిటిష్ ర్యాపర్ ఎం.ఐ.ఎ. 2007లో తెచ్చిన ‘కలా’ ఆల్బమ్ ప్రస్తావన వస్తే చాలు, ఒకే ఆరోపణ చేతులు మారుతుంటుంది: సంగీతమంతా అమెరికా నిర్మాత డిప్లోది, బాణీలు మన సినిమాల్లోంచి ఎత్తుకొచ్చినవి, అందులోని ‘పేపర్ ప్లేన్స్’ ఏమో దోపిడీని మెచ్చుకునే పాట.

డిప్లో సంగతి చిటికెలో తేలిపోతుంది. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఎం.ఐ.ఎ., ఇంగ్లండ్ నిర్మాత స్విచ్ కలిసి చేసింది. డిప్లో చెయ్యి పడ్డ ‘పేపర్ ప్లేన్స్’ అమెరికా పాటల చార్టులో 4వ స్థానం దాకా ఎక్కడంతో మిగతావీ ఆయన ఖాతాలో పడ్డాయి. తన పనిని మగవాళ్ళకు కట్టబెడుతున్నారని ఆమె 2007లోనే గట్టిగా చెప్పింది.

ఇక దొంగతనం. ‘బ్యాంబూ బంగా’లో ఉన్నది ఇళయరాజా ‘దళపతి’ పాట ముక్క. ‘బర్డ్ ఫ్లూ’లోది తమిళ ‘జయం’ పాట. స్వరకర్త మన ఆర్.పి. పట్నాయకే. ‘జిమ్మీ’ అసలు ముక్క కోసి అతికించింది కాదు, 1982 నాటి ‘డిస్కో డాన్సర్’లోని బప్పీ లహిరి బాణీని కొత్త మాటలతో మళ్ళీ పాడింది, ఆ మాటల్లో సూడాన్‌లోని దార్ఫూర్ మారణహోమం ఉంది. ముగ్గురి పేర్లూ క్రెడిట్స్‌లో ఉన్నాయి. పేరు వేసి వాడుకున్నదాన్ని దొంగతనం అనరు.

పైగా 2006లో అమెరికా వీసా దొరక్క ఆమె ఇండియా, ట్రినిడాడ్, లైబీరియా, ఆస్ట్రేలియా తిరుగుతూ రికార్డు చేసుకుంది. ‘బర్డ్ ఫ్లూ’, ‘బాయ్జ్’ పాటల్లోని ఉరుమి అనే డోలు మోత చెన్నైలో వాద్యకారులతో వాయించి పట్టింది. ఉరుమికి ఒక మూతిని పుల్లతో కొడతారు, రెండోదాన్ని వంకర పుల్లతో రాస్తారు. ఆ రాపిడిలోంచే పశువు మూలిగినట్టు ఒక ధ్వని వస్తుంది. అనంతపురం వైపు ఉరుముల వాళ్ళను విన్నవాళ్ళకు ఇది కొత్తేం కాదు. ఫోన్ స్పీకర్లో వింటే ఆ మూలుగు పోయి రణగొణధ్వని మిగులుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

‘పేపర్ ప్లేన్స్’ని అర్థం చేసుకోవాలంటే ముందు బ్రిటిష్ పంక్ బ్యాండ్ ద క్లాష్ 1982 పాట ‘స్ట్రెయిట్ టు హెల్’ వినాలి. ఎం.ఐ.ఎ. పాటంతా తిరిగే గిటారు అక్కడిదే. అది వలస వచ్చినవాళ్ళను పొమ్మనే దేశాల గురించిన పాట. దాని మీద ఈమె దొంగ వీసాలు తయారుచేసే మనిషి గొంతుతో పాడుతుంది. పల్లవి చూడండి: ‘నేను చేయాలనుకునేదల్లా’ అన్నాక క్రియ ఉండాల్సిన చోట నాలుగు తుపాకీ పేలుళ్ళు, మళ్ళీ లోడు చేసిన చప్పుడు, గల్లాపెట్టె గంట, ఆపైన ‘మీ డబ్బు లాక్కోవడం’. వలసవాడంటే జనం ఊహించుకునే బూచి ఇదే; దాన్నే పిల్లల గొంతులతో పాడించింది. టీవీకి పేలుళ్ళు మార్చిన రూపంలో ఆ వ్యంగ్యమే కొట్టుకుపోయింది. అందుకే ఆల్బమ్‌లోని పాటే వినాలి.

తప్పుపట్టాలనుకుంటే చివరి పాట ‘కమ్ అరౌండ్’ ఉందిగా. అమెరికా ర్యాపర్ టింబలాండ్ అందులో శ్రీలంక తమిళ మూలాలున్న ఈమెను ‘నీ టీపీకి పోదాం’ అంటాడు. టీపీ అంటే అమెరికా ఆదిమవాసుల గుడారం!