రికమండేషన్ లెటర్లు ఎవరూ చదవరా? ఫార్మసీ అడ్మిషన్ల మీద తిరుగుతున్న ఆ సలహాకి జవాబు

అమెరికాలో ఫార్మసిస్ట్ కావడానికి చదివే ఫార్మ్‌డీ కోర్సుకి అప్లై చేసే పిల్లల మధ్య ఒక సలహా ఏటా చేతులు మారుతూనే ఉంది. దాని సారాంశం ఇది: "రికమండేషన్ లెటర్లు ఉత్త ఫార్మాలిటీ, ఎవరూ చదవరు. పెద్ద హోదా ఉన్నవాళ్ళ దగ్గర తీసుకోండి, లేదంటే మీకు 'ఎ' గ్రేడ్ ఇచ్చిన ప్రొఫెసర్ దగ్గర తీసుకోండి. లెటర్ మీరే రాసిచ్చేస్తే పని తొందరగా అవుతుంది. లెటర్ చూసే హక్కు మాత్రం వదులుకోకండి, పంపేముందు చూసుకోవచ్చు. డెడ్‌లైన్‌కి వారం ముందు అడిగినా చాలు."

నేను కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చెప్తాను. లెటర్లు రాసే వైపు ఉన్నదాన్ని కాబట్టి, ఈ సలహా నమ్మి వచ్చే పిల్లల్ని చూసినప్పుడల్లా నిజంగా బాధేస్తుంది. ఏళ్ళ తరబడి కష్టపడి చదివినవాళ్ళు చివర్లో ఇలాంటి మాట విని తమ అప్లికేషన్‌ని తామే పలచన చేసుకుంటున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

"ఎవరూ చదవరు."

ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందో నాకు అర్థమవుతుంది. గత పదేళ్ళలో ఫార్మసీ స్కూళ్ళకి అప్లై చేసేవాళ్ళు బాగా తగ్గారు, సీట్లు నిండక ఇబ్బంది పడుతున్న స్కూళ్ళు ఉన్నాయి, అలాంటిచోట మామూలు లెటర్‌తో కూడా సీటు రావచ్చు. అంతమాత్రాన ఎవరూ చదవరని తేల్చేయడం తప్పు. పీక్యాట్ ప్రవేశ పరీక్షని 2024 జనవరితో పూర్తిగా ఆపేశారు. ఇక అడ్మిషన్ కమిటీ ముందు మిగిలినవి మీ ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులూ గ్రేడ్ల పట్టిక), పర్సనల్ స్టేట్‌మెంట్ (మీ గురించి మీరు రాసే వ్యాసం), పని అనుభవం, లెటర్లు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. వీటిలో మీ గురించి ఇంకో మనిషి తన మాటల్లో చెప్పేది లెటర్లలోనే. ఒక సెమిస్టర్‌లో మీ గ్రేడ్లు పడిపోయి తర్వాత పుంజుకున్నాయనుకోండి, ఆ పడిపోవడం బద్ధకం వల్లా, వేరే కష్టం వల్లా అన్నది ట్రాన్‌స్క్రిప్ట్ చెప్పదు. ఆ నెలల్లో మిమ్మల్ని చూసిన ప్రొఫెసర్ చెప్పగలరు.

"పెద్ద హోదా ఉన్నవాళ్ళని అడగండి."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. మిమ్మల్ని ఎప్పుడూ దగ్గర నుంచి చూడని డీన్ గారు ఏం రాయగలరు? చురుకైన విద్యార్థి, క్రమశిక్షణ ఉంది, జీపీఏ 3.7, మీ స్కూల్‌కి తగిన అభ్యర్థి. జీపీఏ కమిటీ ముందు ఎలాగూ ఉంది, మిగతా మాటలు ఎవరి గురించైనా రాయొచ్చు. అదే ల్యాబ్‌లో మీ పక్కన నిలబడ్డ మనిషి ఇలా రాయగలరు: టైట్రేషన్‌లో (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే ప్రయోగం) రీడింగులు ఒకదానికొకటి కుదరలేదు, పార్ట్‌నర్ అంకెలు సర్దేద్దామన్నా ఒప్పుకోలేదు, కొలగొట్టం (బ్యూరెట్) కడిగి మళ్ళీ మొదటి నుంచి చేసింది, పాత రీడింగులు కూడా రిపోర్ట్‌లో దాచకుండా రాసింది. రేపు రోగి చేతికి మందు ఇవ్వబోయే మనిషిలో స్కూళ్ళు వెతికేది సరిగ్గా ఇదే. తప్పు జరిగితే కప్పిపుచ్చకుండా బయటపెట్టే అలవాటు ఉందా, లేదా. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు అసిస్టెంట్ ప్రొఫెసర్ అయినా సరే, ఆ లెటర్‌కే విలువ.

హోదా మోజులోనే కొందరు రాజకీయ నాయకుల దగ్గరికి, కుటుంబ స్నేహితులైన డాక్టర్ల దగ్గరికి పరుగెడతారు. బంధువులు, స్నేహితులు, మతగురువులు, రాజకీయ నాయకులు రాసిన లెటర్లని చాలా స్కూళ్ళు అసలు ఒప్పుకోవు. ఎవరు రాయాలన్న నియమం కూడా అన్నిచోట్లా ఒకటే కాదు: ఒక స్కూల్ సైన్స్ ప్రొఫెసర్ తప్పనిసరి అంటుంది, ఇంకోటి ఫార్మసిస్ట్ లెటర్ కావాలంటుంది. కాబట్టి ఎవర్నైనా అడిగేముందు మీ లిస్టులో ఉన్న ప్రతి స్కూల్ నియమమూ చదవండి. ఉమ్మడి అప్లికేషన్ వ్యవస్థ ఫార్మ్‌క్యాస్ ద్వారా మొత్తం 4 లెటర్ల దాకా పంపుకోవచ్చు, కానీ అదే లెటర్ మీరు ఎంచుకున్న స్కూళ్ళన్నిటికీ వెళ్తుంది. ఏదో ఒక స్కూల్ పేరు పెట్టి రాయొద్దని ప్రొఫెసర్ గారికి ముందే చెప్పండి. ఈ చిన్న సంగతి చెప్పనందువల్ల ఒక స్కూల్‌ని పొగిడిన లెటర్ మిగతా స్కూళ్ళన్నిటికీ చేరిపోతుంది.

"ఎ గ్రేడ్ ఇచ్చిన ప్రొఫెసర్ చాలు."

చాలరు. మూడు వందల మంది కూర్చున్న క్లాసులో వెనక వరుస నుంచి ఎ తెచ్చుకుంటే ఆ ప్రొఫెసర్‌కి మీ ముఖం కూడా గుర్తుండదు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మొదటి పరీక్ష పోయి, ప్రతివారం ఆఫీస్ అవర్స్‌కి (సందేహాలు అడగడానికి ప్రొఫెసర్ కేటాయించే సమయం) వెళ్ళి, చివరికి బి తెచ్చుకున్న కోర్సులో మీ గురించి చెప్పడానికి చాలా ఉంటుంది. బి వచ్చిన చోట అడగడానికి సిగ్గుపడకండి. పెద్ద క్లాసులో మిమ్మల్ని నిజంగా ఎరిగింది టీఏ (ప్రొఫెసర్‌కి బోధనలో సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్) ఒక్కరే అయితే, ఆ టీఏ రాసి ప్రొఫెసర్ కూడా సంతకం చేసే పద్ధతి ఉంది. మీ స్కూళ్ళు దానికి ఒప్పుకుంటాయో లేదో ముందు చూసుకోండి.

"లెటర్ మీరే రాసిచ్చేయండి."

దయచేసి ఈ పని చేయకండి. ఇంకొకరి పేరు మీద మీ గురించి మీరు రాసుకోవడం అబద్ధం చెప్పడమే. నమ్మకం మీద నడిచే వృత్తిలోకి అడుగుపెట్టేది అబద్ధంతోనా? నీతి సంగతి పక్కన పెట్టినా ఇందులో మీకు నష్టమే ఉంది. మీ పర్సనల్ స్టేట్‌మెంట్, ఆ లెటర్ ఒకే మనిషి పక్కపక్కనే చదవొచ్చు. ఒకే రకం వాక్యాలు, ఒకే విశేషణాలు, ఒకే సంఘటన రెండుచోట్లా కనిపిస్తే అనుమానం రావడానికి ఎంతోసేపు పట్టదు. పైగా మన గురించి మనం రాసుకునేటప్పుడు ఎవరికైనా వచ్చేవి పొడి మాటలే. మీలో ప్రొఫెసర్ గమనించింది ఏమిటో మీకు తెలియదు కదా. పిల్లలకి తమ గొప్ప మార్కులే గుర్తుంటాయి, నాకు మాత్రం వాళ్ళు పక్క బెంచీ వాళ్ళకి ఓపిగ్గా లెక్క చెప్పడం గుర్తుంటుంది. అది వాళ్ళు రాసుకునే లెటర్‌లోకి ఎప్పటికీ రాదు.

ప్రొఫెసరే "నువ్వు రాసుకురా, సంతకం పెడతా" అంటే? అలా అనేవాళ్ళూ ఉన్నారు, తీరిక లేక. అప్పుడు డ్రాఫ్ట్ బదులు వివరాలు ఇవ్వండి: ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు, ఏ ప్రాజెక్ట్ చేశారు, దానిలో ఎక్కడ ఇబ్బందిపడి ఎలా బయటపడ్డారు, ఆయనతోనో ఆవిడతోనో జరిగిన ఒకటి రెండు మాటలు. దాంతోపాటు రెజ్యూమె, పర్సనల్ స్టేట్‌మెంట్ డ్రాఫ్ట్, స్కూళ్ళ లిస్టు, తేదీలు. రాసే పని వాళ్ళదే, గుర్తుచేసే పని మీది. ఇంత ఇచ్చినా రాయలేనంటే ఇంకొకర్ని అడగడం మేలు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "సార్, నా గురించి మీరు బలమైన లెటర్ రాయగలరని మీకనిపిస్తోందా?" అని అడగండి. అలా అడిగితే కాదనడానికి వాళ్ళకి వీలుంటుంది. "నాకంటే నిన్ను బాగా ఎరిగినవాళ్ళని అడుగు" అని ఎవరైనా అంటే బతిమాలకండి, నిజం చెప్పి మీకు మేలు చేశారు. ఇష్టంలేని మనిషి రాసిన చప్పటి లెటర్ మీ ఫైల్లో చేరాక దాన్ని తీసేసే దారి ఉండదు.

"చూసే హక్కు వదులుకోకండి, పంపేముందు చూసుకోవచ్చు."

ఇది పూర్తిగా తప్పు. 1974 నాటి ఫెర్పా చట్టం విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కు ఇచ్చింది, ఆ హక్కు వదులుకుంటారా లేదా అని ఫార్మ్‌క్యాస్ మిమ్మల్ని అడుగుతుంది. వదులుకోకపోయినా లెటర్ వెళ్ళేముందు మీకు చూపించరు. మీరు ఒక స్కూల్లో చేరి చదువుతుంటే అక్కడి మీ రికార్డులకే ఆ హక్కు, సీటు రాని స్కూల్లో అదీ ఉండదు. వదులుకోమని ఎవరూ బలవంతపెట్టకూడదు, అది నిజమే, నిర్ణయం మీదే. కానీ వదులుకోని లెటర్ చదివే కమిటీకి "విద్యార్థి చూస్తారని జాగ్రత్తగా రాశారేమో" అన్న సందేహం రావచ్చు, కొందరు ప్రొఫెసర్లు అలాంటప్పుడు అసలు రాయరు. నన్నడిగితే వదులుకోండి. ఆ మనిషి ఏం రాస్తారోనని టెన్షన్ ఉంటే, మనిషిని మార్చాలి.

"వారం ముందు అడిగినా చాలు."

కనీసం నెల, వీలైతే ఆరు వారాలు ఇవ్వండి. ఫార్మ్‌క్యాస్ జూలైలో తెరుచుకుంటుంది, కాబట్టి వేసవి సెలవులకి ముందే, ప్రొఫెసర్లు ఎదురుగా ఉన్నప్పుడే నోటిమాటగా అడిగి ఉంచండి. మీరు వాళ్ళ ఈమెయిల్ ఇచ్చాక, లెటర్ పెట్టే లింక్ ఫార్మ్‌క్యాస్ నుంచి వాళ్ళకి వెళ్తుంది, అది చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. పంపిన రోజే "లింక్ వచ్చిందా అండీ" అని ఒక మాట అడగండి, గడువుకి రెండు వారాల ముందు ఇంకోసారి గుర్తుచేయండి. లెటర్లు రాలేదని అప్లికేషన్ సబ్మిట్ చేయకుండా ఆగక్కర్లేదు, అవి తర్వాత చేరినా జతపడతాయి. కాకపోతే లెటర్లు అందేదాకా ఫైల్ తెరవని స్కూళ్ళు ఉంటాయి, అందుకే వాటి స్టేటస్ వారానికోసారి చూసుకుంటూ ఉండండి.