మహారాజశ్రీ రేసు గారికి

అయ్యా,

లంబసింగి నుంచి ఒక పికప్పు ఓనరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. క్యాబేజీ కూడా క్షేమం. బండి సంగతే బాగాలేదు, ఆ మాట ఇన్నాళ్ళూ బయటికి రాకుండా చూసింది తమరే, అంటే యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్‌కి వచ్చే ఆ జోరే.

మాది సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. జనవరిలో తెల్లవారుజామున డీజిల్ బండికి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది గాని స్లో (కాలు పెట్టకుండా ఇంజిన్ తనంతట తాను తిరగడం) నిలబడదు. గేరు రాడ్డు ఊగిపోతుంది, సైడు అద్దంలో కొండ రెండుగా కనిపిస్తుంది, వెనక కళ్ళు మండించే తెల్లపొగ. చుట్టూ ఉన్న నలుగురూ వెంటనే తమరినే తలుచుకుంటారు: "కాస్త రేస్ ఇవ్వరా, అదే సర్దుకుంటుంది." మా డ్రైవరు కాలు నొక్కుతాడు, తమరు బుర్రుమంటారు, వణుకు మాయం. అందరూ టీ తాగడానికి పోతారు. వణికింది ఎందుకని అడిగే నాథుడు ఉండడు. ఏ జ్వరమొచ్చినా ఒకటే సూది పొడిచే ఆర్‌ఎంపీ డాక్టరుకి కూడా ఇంత ప్రాక్టీసు ఉండదండీ.

డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చలికి సిలిండర్ గోడలు ఆ వేడిని మింగేస్తాయి కాబట్టే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో హీటర్ ప్లగ్ (కరెంటుతో కాలి లోపల వేడి పుట్టించే కడ్డీ) పెట్టారు. నాలుగింట్లో ఒకటి చస్తే ఆ సిలిండర్ మిస్సింగ్ కొడుతుంది, అంటే మంట అంటుకోదు, అందులో పడిన డీజిల్ కాలకుండానే పొగై పోతుంది. కాసేపటికి ఇంజిన్ వేడెక్కి అదీ దారిలో పడుతుంది. పని చేసింది ఆ కాసేపు, క్రెడిట్ పడేది తమరి ఖాతాలో. డాష్‌బోర్డు మీద చుట్టల తీగ బొమ్మతో ఉండే హీటర్ దీపం వెలిగి ఆరుతోందిగా అంటారా? పాత బండ్లలో అది టైము చూసుకుని ఆరిపోతుందంతే. కింద ప్లగ్గులు బతికున్నాయో చచ్చాయో దానికి పట్టదు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళొచ్చుగా అంటే, అక్కడే ఉంది కిటుకు. ఘాట్ దిగి నర్సీపట్నం చేరేసరికి ఇంజిన్ సలసలా కాగుతూ ఉంటుంది. "ఏముంది సార్, బండి బంగారం" అంటాడాయన. మనం పట్టుబడితే ఉత్తచేతులతో పంపడం మర్యాద కాదని డీజిల్ ఫిల్టర్ మారుస్తాడు. ఇంకోసారి పోతే ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పుదామంటాడు. ఆ మాటకి ఓనరు గుండె కూడా మిస్సింగ్ కొడుతుంది.

అందుకని ఈసారి మెకానిక్‌నే కొండ మీదికి రప్పించి, రాత్రి మా ఇంట్లోనే పడుకోబెట్టాం. పొద్దున్నే ఎవరూ ఎక్స్‌లేటర్ మీద కాలు పెట్టకూడదని ఒట్టు వేయించుకుని సెల్ఫ్ కొట్టాడు. బండి వణుకుతుండగానే ఎగ్జాస్ట్ మేనిఫోల్డు (సిలిండర్ల నుంచి పొగ బయటికి పోయే గొట్టాలు) నాలుగు కొమ్మల మీదా నీళ్ళు చిలకరించాడు. మూడింటి మీద తడి ఆరిపోయింది. రెండో సిలిండర్ కొమ్మ మీద చుక్క చుక్కలాగే కూర్చుంది, అంటే అందులో మంట లేదు. ఇంజిన్ ఆపి, ప్లగ్గుల వైరు విప్పి, బ్యాటరీ ప్లస్‌కి కట్టిన టెస్ట్ ల్యాంపుని ఒక్కో ప్లగ్ మొనకి తాకించాడు. మూడింటికీ వెలిగింది. రెండోదానికి ఉలుకూ లేదు పలుకూ లేదు.

కొత్త ప్లగ్‌తో పొగ పోయింది. మర్నాడు స్టార్ట్ చేయగానే చిన్న తడబాటు మాత్రం మిగిలింది. మా బావగారు మళ్ళీ తమరి పేరు ఎత్తబోయారు. మెకానిక్ ఆయన్ని ఆపి ఫిల్టర్ మీది ప్రైమింగ్ పంపు (లైనులోకి చేత్తో డీజిల్ నింపేది) నొక్కాడు. గట్టిగా ఉండాల్సింది మెత్తగా దిగిపోయింది. గట్టిపడేదాకా కొట్టి స్టార్ట్ చేస్తే తడబాటు లేదు. అంటే లైను ఎక్కడో ఎయిర్ లాగుతోంది, రాత్రికి రాత్రి డీజిల్ ట్యాంకులోకి జారుకుంటోంది. లైను మధ్యలో లోపల కనిపించే ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టేసరికి బుడగలు వరసకట్టాయి. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం కొస పగిలింది. ఆ కొస కోసి కొత్త క్లిప్ బిగించాడు. దీన్నా తమరు ఇన్ని చలికాలాలు కాపాడుకొచ్చింది!

(తమరి శిష్యులకి ఒక మనవి. ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ మిస్సింగో చూసే పాత పద్ధతి కామన్ రైల్ బండిలో (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది) పనికిరాదు. ఆ పైపులో వందల బార్ల ఒత్తిడి ఉంటుంది, చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.)

తమరు మేలు చేయకపోతే మానె, కీడు చేయకుండా ఉంటే అదే పదివేలు. చలికి చిక్కబడ్డ ఆయిల్ పైదాకా చేరకముందే తమరు గొంతు చించుకుంటారు. పాపం ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో బేరింగు ఆ ఆయిల్ కోసమే ఎదురుచూస్తుంటుంది.

కాబట్టి తమరిని పొద్దుటి డ్యూటీ నుంచి తప్పించాం. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరులో ఎలాగూ అవసరపడతారు, అక్కడికి రండి. అంతగా ఉండబట్టకపోతే పక్క వీధిలో మా బావగారి బండి ఉంది. ఆయన ఎవరి మాటా వినరు.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు