మన సెనేటర్ సభలో ఏం మాట్లాడారు?

2024 ఫిబ్రవరిలో వరుణ్ ఘోష్ భగవద్గీత మీద ప్రమాణం చేసి సెనేటర్ అయిన రోజు మన పెర్త్ వాట్సాప్ గ్రూపులు హోరెత్తిపోయాయి. ఆస్ట్రేలియా పార్లమెంటులో గీత మీద ప్రమాణం చేసిన మొదటి సభ్యుడు ఆయన, పైగా మన వెస్టర్న్ ఆస్ట్రేలియా సెనేటర్. నేనూ ఆ వీడియో తెనాలిలో ఉన్న మా అమ్మకు పంపాను. సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ తర్వాత ఆయన గానీ, మన రాష్ట్రం నుంచి ఉన్న మిగతా పదకొండు మంది గానీ ఏ బిల్లు మీద ఏం మాట్లాడారో మనలో ఎంతమందికి తెలుసు? ఉగాదికి పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. "మీ కమ్యూనిటీకి ఏం కావాలి?" అని వాళ్లే అడిగినా, హాలు అద్దెకు గ్రాంటు ఇప్పించమంటాం. అంతకు మించి అడగడం మనకు అలవాటు కాలేదు. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

సభలో మాట్లాడే మాటకు విలువేమిటో నాకు తెలిసింది రేచల్ సీవర్ట్ ప్రసంగాలు చదివాక. 2005 నుంచి 2021 దాకా మన రాష్ట్రం తరఫున గ్రీన్స్ పార్టీ సెనేటర్. చదివింది వ్యవసాయ శాస్త్రం. రాజకీయాల్లోకి రాకముందు ఇక్కడే పర్యావరణ సంస్థలో ఏళ్ల తరబడి పనిచేశారు. ఆమె పార్టీకి నేను ఎన్నడూ మొదటి ప్రాధాన్య ఓటు వేయలేదు. వాళ్ల విధానాల్లో నాకు నచ్చనివి చాలానే ఉన్నాయి. అయినా పదహారేళ్లు ఒకే విషయాన్ని పట్టుకుని వదలని మనిషిని గౌరవించకుండా ఉండలేను. ఆ విషయం, పని లేనివాళ్లకు, ఒంట్లో బాగాలేనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భత్యం.

నిరుద్యోగ భత్యం 1994 తర్వాత పాతికేళ్లకు పైగా ధరల సూచీతో పాటు కదలడమే తప్ప నిజంగా పెరిగింది లేదు. 2012లో ఆమె ఒక వారం పాటు ఆ భత్యంతోనే బతికి చూశారు. వారం రోజులకు పేదరికం అర్థమైపోతుందా అన్నవాళ్లున్నారు, అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ వారం తర్వాత ఆమె ఆగిపోలేదు. బిల్లు వచ్చినప్పుడల్లా, బడ్జెట్ వచ్చినప్పుడల్లా అదే మాట ఎత్తారు. చివరికి 2021లో పెంచింది పదిహేను రోజులకు 50 డాలర్లు. రోజుకు నాలుగు డాలర్లు కూడా కాదు.

ఇప్పుడు రోబోడెట్ సంగతి, అంటే భత్యం తీసుకున్నవాళ్ల మీద ప్రభుత్వం కంప్యూటరు లెక్కతో అప్పులు మోపిన పద్ధతి. మన పిల్లల్లో చాలామంది చదువుకుంటూ షాపుల్లోనో రెస్టారెంట్లలోనో క్యాజువల్ పని చేసేవాళ్లే కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఒక అబ్బాయి ఏడాదిలో నాలుగు నెలలు పనిచేసి 13,000 డాలర్లు సంపాదించాడనుకోండి. మిగతా ఎనిమిది నెలలు పని దొరక్క, నిబంధనల ప్రకారమే భత్యం తీసుకున్నాడు. కంప్యూటరు ఏం చేసిందంటే, ఆదాయపన్ను శాఖ దగ్గరున్న ఆ 13,000ని 26 పక్షాలతో భాగించింది. అంటే ఏడాది పొడవునా పక్షానికి 500 డాలర్ల ఆదాయం ఉన్నట్టు లెక్క కట్టింది. పని లేని నెలల్లో కూడా ఆదాయం ఉందన్నమాట! అలా లేని అప్పు పుట్టించి, కట్టమని ఉత్తరం పంపింది. ఆ అప్పు లేదని నిరూపించుకోవాల్సింది ఆ అబ్బాయే. ఎప్పుడో ఏళ్ల కిందటి పే స్లిప్పులు ఎక్కడి నుంచి తెస్తాడు?

2017లో ఈ వ్యవహారంపై సెనేట్ కమిటీ విచారణ జరిపింది. దానికి అధ్యక్షురాలు సీవర్ట్. వేర్వేరు నగరాల్లో కూర్చుని, ఉత్తరాలు అందుకున్నవాళ్లు చెప్పుకున్నది విన్నారు. లోపాలు సరిదిద్దేదాకా ఈ పద్ధతిని ఆపండని జూన్‌లో నివేదిక ఇచ్చారు. ప్రభుత్వం ఆపలేదు. ఇంకా దాదాపు రెండున్నరేళ్లు నడిపింది. 2019లో మళ్లీ విచారణ మొదలుపెట్టి, న్యాయ సలహా కాగితాలు చూపించమని కమిటీ అడిగితే ఇవ్వలేదు. ఆ నవంబరులో ఫెడరల్ కోర్టులో ఆ లెక్క చట్టప్రకారం చెల్లదని తేలింది. 2020 మే నెలలో 4 లక్షల 70 వేల అప్పుల మీద 72 కోట్ల డాలర్లు తిరిగి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2023 జులైలో, దీని మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, నివేదిక వచ్చింది. ఇది చట్టవిరుద్ధం కావచ్చని 2014లోనే ప్రభుత్వ శాఖలోని న్యాయవాదులే హెచ్చరించిన సంగతి అందరికీ తెలిసింది. ఈ మధ్యలో కుమిలిపోయి ప్రాణాలు తీసుకున్న పిల్లల తల్లులు ఆ కమిషన్ ముందు కూర్చుని మాట్లాడారు. 2017లోనే కమిటీ మాట వినివుంటే అనిపిస్తుంది.

"ఆమె మాట్లాడి ఏం ఒరిగింది, ఆపలేకపోయారుగా" అని మా మిత్రుడొకరు అన్నారు. నిజమే, ఆపలేకపోయారు. కానీ "మాకు తెలియదు" అనే అవకాశం ఎవరికీ లేకుండా చేశారు. తేదీతో సహా రికార్డులో ఉంది.

ఆ రికార్డు పేరు హాన్సార్డ్. పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. సెనేటర్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పక్కన రాష్ట్రం పేరు, ఆ పక్కన మాట్లాడటం మొదలుపెట్టిన టైం నిమిషంతో సహా. మధ్యలో ఎవరైనా అడ్డుపడితే అదీ ఉంటుంది. నేను ఒక రాత్రి వంటింట్లో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని 2018 చివరి నాటి చర్చ తెరిచాను. కొత్తగా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చినవాళ్లు నిరుద్యోగ భత్యం కోసం ఆగాల్సిన కాలాన్ని రెండేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచిన చట్టం అది. రెండు పెద్ద పార్టీలూ ఒప్పందం చేసుకున్నాయి. సీవర్ట్ వ్యతిరేకించారు, ఓడిపోయారు. 2019 జనవరి 1 తర్వాత పీఆర్ వచ్చిన మన ఇంజినీరు ఉద్యోగం పోగొట్టుకుంటే ఎదురయ్యేది ఆ చట్టమే. ఆ బిల్లు మీద మన సంఘం ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. నేనూ రాయలేదు. ఆ చర్చ జరిగిన రోజుల్లో నేను దీపావళి ఫొటోలు సర్దుకుంటున్నాను.

పిల్లలతో కాన్‌బెర్రా వెళ్లినప్పుడు సెనేట్ గ్యాలరీలో గంటసేపు కూర్చున్నాం. ఎర్ర తివాచీ, ఎర్ర కుర్చీలు, ఎక్కువ భాగం ఖాళీ. ఒకరు మాట్లాడుతుంటే ఐదారుగురు వింటున్నారు. మా అమ్మాయి "నాన్నా, ఎవరూ లేరే, ఎవరికి చెప్తున్నారు?" అంది. ఇంతలో ఓటింగుకు గంట మోగింది, నాలుగు నిమిషాల్లో సీట్లన్నీ నిండాయి. దాని ప్రశ్నకు అప్పుడు నాకు జవాబు దొరకలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రసంగం రాసిపెట్టుకునేవాళ్లకూ చదివేవాళ్లకూ అనిపించింది. మనం చదవకపోతే ఖాళీ కుర్చీల లెక్కలోకి మనమూ వస్తాం.

ఇక్కడి సెనేటర్లు మన రాజ్యసభ సభ్యుల్లా ఎమ్మెల్యేల ఓట్లతో వచ్చేవాళ్లు కారు. మన ఓట్లతోనే వస్తారు. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్లు దేశంలో దాదాపు 60 వేల మంది. కమిటీలు బిల్లు మీద అభిప్రాయాలు పంపమని గడువు పెట్టి మరీ అడుగుతాయి. దానికి లాయరు అక్కర్లేదు, రెండు పేజీలు తిన్నగా రాస్తే చాలు. కాబట్టి ఈ పత్రికలో ప్రతి సంచికకూ ఒక పేజీ మన పన్నెండు మంది సెనేటర్లు ఏం మాట్లాడారన్న దానికి ఇవ్వమని సంపాదకవర్గాన్ని అడుగుతున్నాను. రాసే బాధ్యత నాది. పిలిచే అతిథుల్ని కూడా ఆ పేజీ చూసే పిలుద్దాం.

మొదటి ప్రశ్న నా దగ్గర సిద్ధంగా ఉంది. పేరెంట్ వీసా. డబ్బు కట్టి తొందరగా తెచ్చుకునే దారిలో మనిషికి 40 వేల డాలర్ల పైనే, అయినా పదేళ్లు దాటే ఎదురుచూపు. కట్టలేనివాళ్లకు ముప్పై ఏళ్లకు పైగా. ఇలా దరఖాస్తులు తీసుకోవడం క్రూరమని, అనవసరమని ప్రభుత్వం వేసిన వలస సమీక్షే 2023లో అంది. ప్రభుత్వ ఖర్చుల మీద సెనేట్ కమిటీలు జరిపే ఎస్టిమేట్స్ విచారణల్లో సెనేటర్లు అధికారుల్ని ఎదురుగా కూర్చోబెట్టి అడగొచ్చు. పన్నెండు మందికీ విడివిడిగా ఉత్తరం రాశాను, కింద సంతకాలకు చోటు వదిలాను. మా అమ్మకు ఇప్పుడు 74 ఏళ్లు. వచ్చే ఆదివారం తెలుగు బడి దగ్గర ఆ కాగితాలు పట్టుకుని ఉంటాను.