రాజపూజ్యం వెయ్యి, అవమానం వారం వారం

పంచాంగకర్తలకు ఒక విన్నపం. ఉగాది వస్తే ప్రతి రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని తమరు గణించి చెబుతారు. బాగానే ఉంది. కానీ ఒడిశా సరిహద్దులో, పర్లాకిమిడి చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లను కూడా ఆ పన్నెండు రాశుల్లోనే సర్దేయడం అన్యాయం. మాకు పదమూడోది ఒకటుంది. పింఛను రాశి. దీనికి శనితో, కుజుడితో పెద్దగా పని లేదు. మంగళవారం మంగళవారం మోటార్ సైకిల్ మీద వచ్చి కిస్తీ పట్టుకుపోయే కుర్రాడే మా వారాధిపతి.

ఈ రాశి ఫలాలు నేను మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడకు 64 ఏళ్లు. పెదనాన్న పోయి చాలా కాలమైంది. కొడుకు సూరత్‌లో మగ్గాల మిల్లులో పని చేస్తున్నాడు. డబ్బు పంపిన నెల పంపినట్టు, పంపని నెల ఫోను స్విచాఫ్. కాబట్టి ఆ ఇంట్లో తారీఖు చెప్పి వచ్చే రాబడి పెద్దమ్మ పింఛనే. మధుబాబు పింఛను. ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. ఒడియా వాళ్లకు వేరే రాష్ట్రం కావాలని జీవితమంతా పాటుపడిన మధుసూదన్ దాస్ గారి పేరు మీద 2008లో మొదలైన పథకం అది. ఆయన కోరుకున్న రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది, పర్లాకిమిడి అందులో కలిసింది. ఆయనే తోళ్ల ఫ్యాక్టరీ పెట్టి అప్పులపాలై దివాలా తీశారు కూడా. అంటే మేం ఈ గట్టున ఉండిపోవడానికీ, మాకు పింఛను రావడానికీ, అది ఎటు పోతుందో ముందే తెలియడానికీ మూలపురుషుడు ఒక్కరే. ఆ పేరు సూచించిన అధికారి ఎవరో గానీ మంచి ముందుచూపు ఉన్నవాడు.

పింఛను 2024 మొదట్లో 500 నుంచి 1000 అయింది. 80 దాటితే 3500 ఇస్తున్నారు. పెద్దమ్మకు దానికింకా పదహారేళ్లుంది. ఈ లెక్క తెలిసినప్పటి నుంచి ఊళ్లో వడ్డీకి తిప్పేవాళ్లు ఆవిడ బీపీ మాత్రలు వేసుకుంటోందా లేదా అని శ్రద్ధగా అడుగుతున్నారు.

మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలో పాతపట్నం. అక్కడ మా పిన్ని ఉంటుంది. ఆవిడా భర్త పోయిన మనిషే. ఆవిడకు 2024 జులై నుంచి నెలకు 4000. ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతిలో పెట్టి వెళతారు. మా తాతగారు కూతుళ్లకు సంబంధాలు చూసేటప్పుడు జాతకాలు చూశారు, పొలం చూశారు, అబ్బాయి నడక కూడా చూశారు. సరిహద్దు గీత ఎటుందో మాత్రం చూడలేదు. పెద్దమ్మకు నెలకు మూడు వేల నష్టం.

అంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ మీద, అంటే ఆడవాళ్లను గ్రూపులు కట్టి చిన్న అప్పులిచ్చే కంపెనీల మీద, ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత చట్టం చేసింది. గ్రూపు లోన్ల కిస్తీ పంచాయతీ ఆఫీసు దగ్గరో, కలెక్టరు చెప్పిన చోటో కట్టించుకోవాలి గానీ గుమ్మం మీదకు పోకూడదని అందులో రాశారు. సరిగ్గా చూడండి. ఆ ఒడ్డున ఆ చట్టంలో రాసిన ప్రకారమైతే అప్పు కట్టడానికి పంచాయతీకి పోవాలి, పింఛను ఇంటికొస్తుంది. ఈ ఒడ్డున పెద్దమ్మ 15వ తారీఖున పింఛను కోసం పంచాయతీ దగ్గర నిలబడుతుంది, అప్పువాడు ఇంటికొస్తాడు. మర్యాదలో మాత్రం లోటు లేదు. ఎవరో ఒకరు గుమ్మందాకా వస్తూనే ఉన్నారు.

కొరాపుట్ జిల్లా కొటియా ఊళ్ల సంగతి పెద్దమ్మ ఎక్కడో విన్నది. ఆ ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ తగువులాడుకుంటాయి, అక్కడ కొందరికి రెండు వైపుల కార్డులూ ఉన్నాయి. అది విన్న రోజు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన ఊరి గురించి ఎవరూ తగువు పెట్టుకోరేంటిరా?" అంది.

ఇక అప్పుల శాస్త్రం. నెల మొదట్లో చేతిలో పైసా ఉండదు. ఊరి షావుకారు పింఛను మీద 900 ఇస్తాడు. 15న 1000 తీసుకుంటాడు. ఏముంది, వంద రూపాయలే కదా అంటాడు. పదిహేను రోజులకు 900 మీద వంద అంటే ఏడాదికి నూటికి 260 పైమాట. ఆ లెక్క వేసి చూపిస్తే పెద్దమ్మ నన్ను జాలిగా చూసింది. "లెక్కలు వచ్చినవాడివి, నువ్వు 900 ఇస్తావా?" అని అడిగింది. (నేనే ఆవిడకు 300 బాకీ ఉన్నాను. ఆ విషయం ఈ వ్యాసానికి అప్రస్తుతం.)

షావుకారు పాత పద్ధతి మనిషి. గ్రూపు లోనుది కొత్త పద్ధతి, దానికి నిబంధనలున్నాయి. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు ఏం చెప్పిందంటే, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా అప్పివ్వొచ్చు, కానీ కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. చాలా న్యాయమైన మాట. వెయ్యిలో సగం ఐదొందలు. ఐదొందల కిస్తీకి వచ్చే అప్పుతో ఆ కుర్రాడి టార్గెట్ తీరదు. అందుకని కోడలి పేరున ఫారం నింపుతూ అతను ఆదాయం గడిలో ఒక గేదెను కట్టేశాడు.

"ఏ గేదె బాబూ?" అంది పెద్దమ్మ.

"ఉన్నట్టు రాశాం మావుసీ. లేకపోతే లోన్ పాస్ కాదు."

ఆ గేదె పూటకు నాలుగు లీటర్లు ఇస్తుంది. గడ్డి తినదు, పేడ వేయదు, రాత్రిళ్లు అరవదు. అలాంటి పశువును నేను ఇంతవరకు చూడలేదు, పెద్దమ్మా చూడలేదు. లోను ఇచ్చినవాళ్లకు మాత్రం బాగా తెలుసు.

కోడలికి ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం కూడా ఉంది. 2024 సెప్టెంబరు 17న మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ల మధ్య ఆడవాళ్లకు ఏడాదికి పది వేలు, ఐదేళ్లలో 50,000. రాఖీ పున్నమికి ఐదు, మార్చి 8 మహిళా దినోత్సవానికి ఐదు. రైతుల డబ్బూ ఇలాగే పండగ చూసి వస్తుంది, అక్షయ తృతీయకి కొంత, కొత్త బియ్యం పండగ నువాఖాయికి కొంత. ప్రభుత్వం తిథి వార నక్షత్రాలు చూసి ఇస్తుంటే, ఆ తిథులు అందరికన్నా ముందు గుర్తుండేది అప్పిచ్చినవాళ్లకే. "మార్చి ఎనిమిదికి పడుతుందిగా, అప్పుడిద్దురుగాని" అని జనవరిలోనే సరుకిచ్చే కొట్టువాడున్నాడు. రాఖీ నాడు కానుక వేసే అన్న భువనేశ్వర్‌లో ఉంటాడు, తీసుకుపోయే తమ్ముడు వాకిట్లో ఉంటాడు. ఫోనులో డబ్బు పడిన మెసేజ్ చప్పుడు వినేసరికి కోడలికి సంతోషం బదులు టెన్షన్ వస్తుంది.

అవమానం సంగతి కొంచెమే చెబుతాను. గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. మొన్న చలికాలంలో కోడలు రెండు వారాలు కట్టలేకపోయింది. కుర్రాడు ఏమీ అనలేదు, చాప మీద కూర్చుని ఫోను చూసుకున్నాడు. గ్రూపులోని తొమ్మిది మంది ఆడవాళ్లూ చీకటి పడేదాకా అరుగు మీదే కూర్చున్నారు. అందరూ రోజూ చూసుకునే మొహాలే, ఒకరింటి పెళ్లికి ఒకరు పిండి రుబ్బినవాళ్లే. చివరికి పెద్దమ్మ చెవుల దుద్దులు తీసి ఇచ్చింది. అవి ఇప్పుడు షావుకారు బీరువాలో ఉన్నాయి. బియ్యానికి మాత్రం దిగుల్లేదు, మనిషికి ఐదు కిలోలు 2023 నుంచి ఉచితమే. అందుకే ఎవరి దగ్గరా ఆకలి అని చెప్పుకునే వీలు కూడా లేదు.

దుద్దులు విడిపించడానికి మళ్లీ లోను పెట్టారు. టాప్ అప్ అంటారట. కుర్రాడు పాత ఫారం తీసి, కొంచెం ఆలోచించి, గేదె ఈనిందని రాశాడు.

ఈ ఉగాదికి గుడిలో పంచాంగ శ్రవణానికి పెద్దమ్మను నేనే తీసుకెళ్లాను. పంతులుగారు ఆవిడ రాశి చదువుతూ వ్యయం అధికం అన్నారు. ఆవిడ కదల్లేదు. అవమానం అన్నారు. కొంగు సర్దుకుంది. అయితే ఈ ఏడు పశువృద్ధి ఉంది తల్లీ అన్నారు.

పెద్దమ్మ చేతులు జోడించింది. "నిజమే బాబూ. కిందటేడు ఒకటే ఉండేది."